పట్టుగూళ్ల బండికి కొత్త బెల్టు

మదనపల్లెలో మొన్న కారు బాగుచేయించడానికి వెళ్తే, మెకానిక్కు అట్ట తొడుగులోంచి కొత్త బెల్టు బయటికి లాగాడు. కొత్త రబ్బరు, దానికి అంటుకున్న తెల్లపొడి కలిసిన ఆ వాసన నా దాకా వచ్చింది. ఎండ, ఆవిరి కక్కే రేడియేటరు, తడి గోనెసంచులు, పుంగనూరు రోడ్డు పక్కన పట్టుగూళ్ల మీదికి వంగి కూర్చున్న మా అవ్వ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

తొంభైల్లో మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకే మర్యాద ఎక్కువ. పుంగనూరుకు ఇవతల మా పల్లెలో అర ఎకరం మల్బరీ, నడవంత పొడుగున వెదురు తట్టలు, చలికాలమైతే తట్టల కింద బొగ్గుల కుంపట్లు, ఎండాకాలమైతే కిటికీలకు తడిపి కట్టిన గోనెపట్టాలు. పురుగులున్నన్నాళ్లూ ఇంట్లో మిరపకాయ తిరగమోత వేయకూడదని అవ్వ శాసనం, పులుసు పెట్టాలన్నా పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే. ఉగాదికి ఓళిగలు కూడా అక్కడే పొగలో కాలేవి, మేం పిల్లలం మల్బరీ పండ్లు తిని ఊదారంగుకు తిరిగిన నాలుకల మీద ఆ వేడి ఓళిగలు పెట్టుకుని ఊదుకుంటూ తినేవాళ్లం. బీడీ తాగినవాళ్లు గడప దాటి లోపలికి రాకూడదు. పురుగులు కుబుసం విడిచే ముందు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉంటాయి, దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. జ్వరం వచ్చిన రోజుల్లో మేం అచ్చనగాయలు ఆడినా రాళ్ల చప్పుడు బయటికి రాకుండా గుడ్డ మీద ఆడాల్సిందే.

ఒక ఏడు పురుగులు గూళ్లు కట్టే వారంలో ముసురు పట్టింది. రోడ్డు మీద వంక పారి బండ్లు ఆగిపోయాయి. గూడు కట్టిన పురుగు లోపలే చిలకగా, అంటే ప్యూపాగా మారి, తర్వాత కొసను ఉమ్ముతో తడిపి, దారం తెంచుకుని రెక్కలతో బయటికి వస్తుంది. కొస తెగిన గూటి నుంచి పట్టు తీయడం కుదరదు, గూళ్లు కొని దారం తీసే రీలరు దాన్ని ముట్టడు. ముసురు తెరిపిచ్చేసరికి మా గూళ్లకు ఇక ఒక్క పగలు మాత్రమే మిగిలిందని అవ్వ తేల్చింది. కుప్పం మార్కెట్టులో ఆ మధ్యాహ్నం వేలం ముగిసేలోగా చేరకపోతే ఇంటిల్లిపాది చాకిరీ అంతా పెంటకుప్ప మీదికే.

నాయన పెళ్లిళ్లకు బాడుగ తిప్పుకోవడానికి కొన్న పాత అంబాసిడర్ ఒకటుండేది. దాని ఫ్యాన్ బెల్టు ముందురోజే అంచులు పీచుపీచుగా లేచిపోయింది. ఫ్యానును, నీళ్ల పంపును, డైనమోను మూడింటినీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. నాయన దాన్ని విప్పి భుజానికి తగిలించుకుని మదనపల్లెకు పోయి, పాతదాని పక్కన కొత్తది పెట్టి, రెండూ సమానంగా ఉన్నాయని చూసుకుని తెచ్చాడు. మా వైపు బెల్టు కొనే పద్ధతే అది. బావి మీది ఆయిల్ ఇంజనుకైనా, వేరుశనక్కాయలు ఒలిచే మిషనుకైనా పాతదే కొలత. వాడిన బెల్టు సాగుతుంది, దాని కొలతకు తెచ్చిన కొత్తది వదులవుతుంది, అయినా ఇంజనును గడ్డపారతో అంత వెనక్కి జరిపితే బిగువు వచ్చేస్తుంది. కారులో ఇంజను జరగదు. డైనమోను మాత్రం వేలెడు సందులో అటూ ఇటూ జరపవచ్చు. ఆ సందు చివరిదాకా లాగి బిగించినా బెల్టు ఇంకా కొంచెం వదులుగానే ఉందని నాయన గమనించి, పొలం అలవాటు కొద్దీ దాని లోపలివైపు గుగ్గిలం పొడి రుద్దాడు.

పొద్దున్నే వెనకసీటు తీసేసి గూళ్ల సంచులు నింపి బయల్దేరాం. నాయన, అవ్వ, సంచులు పట్టుకోవడానికి నేను. కొంతదూరం గుగ్గిలం పట్టు చూపింది. తర్వాత బానెట్టు కింద పిల్లిని తొక్కినట్టు కీచుమని మొదలైంది, మాడిన వాసన వచ్చింది, వేడి చూపే ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. పుంగనూరు ఇంకా రాకముందే రేడియేటరు బుస్సుమంది.

"దించండి, సంచులు దించండి. ఈ సెగకు ఉడికిపోతాయి," అని అవ్వ కేక. చెట్టునీడన గూళ్లను పట్టా మీద పలచగా పరిచాం. అవ్వ ఒక గూడు తీసి నా అరచేతిలో పెట్టింది. దాని కొస తడిగా ఉంది.

"నాయనా, తడి!" అన్నాను. నాయన అప్పటికే బెల్టు విప్పి ఉన్నాడు. తెగబోతున్న బెల్టును చేత్తో పట్టుకుని, "సరిగ్గా పాతదాని కొలతకే తెస్తి గదమ్మా," అన్నాడు.

"యాడన్నా పాత మొలతాడు పెట్టి కొత్త మొలతాడు కొలుస్తార్రా రెడ్డెప్పా? ఉగాదికి ఈ అమ్మికి మార్చినప్పుడు పాతది ఆడ పారేసి నడుముకే గదా కొలిస్తిని. నీ బండికి నడుము లేదా?" అంది అవ్వ నా వైపు చూపిస్తూ.

నాయన ఆ బెల్టును పక్కన పడేశాడు. తర్వాత సంచి మూతికి కట్టిన పురికొస విప్పాడు. బెల్టు తిరిగే మూడు చక్రాల చుట్టూ దాన్ని తిప్పుతుంటే నేను ముడి పట్టుకున్నాను. డైనమో చివరికంటా బయటికి లాగి ఉంది. అలా కొలిస్తే, రేపు కొత్త బెల్టు కాస్త సాగినా బిగించడానికి చోటుండదు. పూర్తిగా లోపలికి తోసి కొలిస్తే, బెల్టు చక్రం అంచు దాటి ఎక్కదు.

"మధ్యలో పెట్టి కొలుద్దాం నాయనా," అన్నాను. "దీని లెక్కలు మళ్లా," అన్నాడు కానీ డైనమోను మధ్యకే జరిపాడు. వెడల్పుకు ఎండుపుల్ల ఒకటి చక్రం గాడి మూతికి సరిపడా విరిచాం. అవ్వను గూళ్ల దగ్గర ఉంచి, టమోటా లారీ ఎక్కి పుంగనూరుకు పోయాం.

మోటార్ల సామాన్ల అంగడాయన పురికొసను, పుల్లను చూసి నవ్వాడు. "ఏంది రెడ్డెప్పా, బండికా, కోడలికి గాజులకా?"

"ఎగతాళి తర్వాత సేద్దువు, బెల్టియ్యప్పా. పురుగు బయటికి వస్తాండాది," అన్నాడు నాయన.

ఆయన నవ్వు ఆపి, బల్ల అంచుకు కొట్టిన స్కేలు మీద పురికొస పరిచాడు. పుల్లను ఒక్కో బెల్టు వీపుకు ఆనించి, వెడల్పువి పక్కన పడేశాడు. అవి పిండిమిల్లువట, గాడిలో దిగకుండా అంచు మీదే ఆడతాయి. చివరికి పుల్లకు సరిపోయినవి రెండు ఇచ్చాడు, ఒకటి పురికొస అంత, ఒకటి దానికంటే అంగుళం ఎక్కువ. "పట్టనిది తెచ్చి ఇయ్యి. బావి ఇంజను బెల్టు మాదిరి మరీ బిగించొద్దు, పంపు బేరింగు పోతాది. బొటనవేలితో వత్తితే కొంచెం దిగాల."

తిరిగి వచ్చేసరికి అవ్వ పక్కన తడిసిన గూళ్లు ఒక చిన్న కుప్ప అయ్యాయి. పురికొస అంత బెల్టు ఎంత తోసినా చక్రం ఎక్కలేదు.  పురికొస గాడి అడుగుదాకా దిగుతుంది, బెల్టు మందం వల్ల పైనే ఆగుతుంది, ఆ తేడా మేం వేయలేదు. రెండోది ఎక్కింది. డైనమో బిగించి నాయన వత్తాడు, అవ్వ వత్తింది, నన్నూ వత్తమన్నారు. కొంచెం దిగింది.

తడవని గూళ్లను మళ్లీ సంచులకెత్తుకుని కుప్పానికి బయల్దేరాం. నాయన రోడ్డును, నేను ముల్లును, అవ్వ సంచులను చూస్తూ పోయాం. మార్కెట్టులో మనుషులు పలచబడ్డారు. మిగిలిన ఒక రీలరు సంచిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక గూడు తీసి బ్లేడుతో కోశాడు. లోపల చిలక మెల్లగా తిరిగింది.

"రేపు తెచ్చింటే నాకు రెక్కల పురుగులు అమ్మేవాడివప్పా," అంటూ సంచులను కాటా మీదికి ఎత్తమని సైగ చేశాడు. అవ్వ అక్కడే నేల మీద కూలబడి, పొద్దుటి నుంచి ముట్టని నీళ్లు అడిగింది.

ఆ తర్వాత కరువు ఏళ్లు వచ్చాయి. బావి ఎండింది, మల్బరీ పెరికేశారు, వెదురు తట్టలు పొయ్యిలోకి పోయాయి. అంబాసిడర్ పాత ఇనుము లెక్కకు పోయింది. అవ్వ పోయి చాలా కాలమైంది. పదో తరగతితో బడి మానేసినా, కొలిచే పని ఎక్కడ కనబడినా ఆగి చూసే అలవాటు మాత్రం నాకు పోలేదు.

మొన్న షెడ్డులో కుర్రాడు బండి నంబరు కంప్యూటరులో కొట్టి, సరైన బెల్టు ఒక్కసారికే తెచ్చి వేశాడు. బానెట్టు దగ్గరికి వెళ్లబోతే, "లోపలికి రాకూడదమ్మా, ఆడ కూర్సోండి," అన్నాడు. అద్దం ఇవతల కుర్చీలో కూర్చున్నాను. అక్కడే ఇంకో నలుగురు తమ బండ్ల కోసం కూర్చున్నారు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. బెల్టు పట్టిందో లేదో వత్తి చూడమని మమ్మల్ని ఎవరూ పిలవలేదు.