మొత్తుకునే డబ్బా

"వానకు కరువు గానీ మనకు ఎండకు కరువా అప్పా" అని అనంతపురంలో ఆ సోలార్ అంగడి మెట్లెక్కుతూనే అన్నాను. అంగడాయన నవ్వాడు. నా భార్య నవ్వలేదు. ఆ రోజు అంగట్లో ఆమె మాటే నెగ్గింది. తర్వాత ఆ మాటను నేనే తుంగలో తొక్కాను. చెప్పుకుంటే సిగ్గుపోతుంది, చెప్పకుంటే నిద్రపట్టదు.

మా బోర్లన్నీ ఎండిపోయి, వేరుశనగ మీద ఆశ కూడా చచ్చాక, గూడ్స్ ఆటో వెనక తగిలించుకునే చిన్న ట్రెయిలర్ ఒకటి చేయించాను. రేకుల గది. ఇద్దరు పడుకునేంత చోటు, ఒక స్టవ్వు, ఒక కుట్టుమిషను. ఆమె రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట చాలా ఏళ్లు పనిచేసింది. మందపు గుడ్డ మీద ఆమె వేసిన కుట్టు గుడ్డ చిరిగినా ఊడదు. గార్లదిన్నె వైపు పల్లెల నుంచి రాయదుర్గం దాకా సంతలు తిరుగుతూ ఆమె ప్యాంట్లు, సంచులు, టార్పాలిన్ పట్టలు కుడుతుంది. నేను బండి నడుపుతాను, జిప్పులు మారుస్తాను, బేరాల్లో నోరు పారేసుకుంటాను. తొక్కుడు మిషనే కాబట్టి దానికి కరెంటు అక్కర్లేదు. కరెంటు కావలసింది ఆమె ఇన్సులిన్‌కు.

పాతికేళ్లయినా నిండకముందే ఆమెకు షుగరు వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ అసలే ఊరదని, పొద్దునా సాయంత్రమూ సూది పడాల్సిందేనని డాక్టర్లు చెప్పారు. సూది తప్పితే మనిషి దక్కదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ సీసాలు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఉండేవి. ఎండాకాలం రేకుల గదిలో ఆ కుండ ఏపాటి చల్లబరుస్తుంది? అందుకని బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్జు కొన్నాను, ట్రెయిలర్ మీద ఒక ప్యానెల్ వేయించాను. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య చార్జ్ కంట్రోలర్ అని ఒక డబ్బా ఉండాలన్నారు. దానికోసమే అంగడికి పోయాం.

అంగడాయన రెండు డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ప్లాస్టిక్కుది. రెండోది వీపంతా అల్యూమినియం పలకలతో బరువుగా ఉంది. బోరు మోటార్లకు స్టార్టర్లు కొన్న అలవాటు కొద్దీ రెంటినీ చేతుల్లో తూచి చూశాను.

"చిన్నది ప్యానెల్‌లో బ్యాటరీకి పట్టేంత తీసుకోని మిగతాది వదిలేస్తాదన్నా. ఈ పెద్దదాన్ని ఎంపీపీటీ అంటారు. ఆ మిగతాది కూడా వాడుకుంటాది. మబ్బు దినాల్లో తేడా తెలుస్తాది" అన్నాడాయన.

"మనకు మబ్బులు యాడుండాయప్పా. ఆ చిన్నదే చాలు" అన్నాను.

నా భార్య ముందుకు జరిగి అడిగింది. "అన్నా, బ్యాటరీ అయిపోతాందని ముందుగా చెప్పేది యాది?"

"ఈ పెద్దదమ్మా. బ్యాటరీ తగ్గితే ఫ్రిజ్జుకు కరెంటు ఆపేస్తాది. ఆపి కూత పెడ్తాది."

"కట్ చేయనిది లేదా?" అని అడిగాను నేను.

"కట్ చేయకుంటే బ్యాటరీ చస్తాదన్నా."

"ఆ మొత్తుకునేదే ఇయ్యన్నా. ఊరకుండేది మాకొద్దు" అంది ఆమె. అదే కొన్నాం.

కట్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. దానికి కారణముంది. మాకు పొలంలో కరెంటు ఉండే కొన్ని గంటల్లోనే మడి తడవాలి. ఓల్టేజీ పడిపోతే స్టార్టర్ టప్పున పడి మోటారు ఆగిపోయేది. మా నాయన లోపలి బిళ్లను నొక్కి, అది మళ్లీ లేవకుండా వేపపుల్ల అడ్డం పెట్టేవాడు. "మోటారు కాలితే మళ్లీ తీగ చుట్టిచ్చుకుంటాం, పైరు ఎండితే ఏం చుట్టిచ్చుకుంటాం?" అనేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది. ఊళ్లో ఎవరి స్టార్టర్ మొరాయించినా దాన్ని తప్పించి మోటారుకు డైరెక్ట్ కొట్టడానికి నన్నే పిలిచేవాళ్లు. కాలిపోయిన మోటార్లు చాలానే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ నన్ను తిట్టలేదు.

ఎండాకాలమంతా డబ్బా బుద్ధిగా పనిచేసింది. ఆషాఢం వచ్చింది. ఇక్కడి ఆషాఢం సంగతి తెలిసిందే. మబ్బులు వస్తాయి, గాలి వాటిని తోలుకుపోతుంది, చినుకు మాత్రం రాలదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మబ్బు కోసం మెడ నొప్పి పుట్టేలా పైకి చూసినవాణ్ణి, ఆ ఏడు తొలిసారి మబ్బును చూసి తిట్టాను. రాయదుర్గానికి ఇవతల ఒక సంతలో ఉన్నాం. మబ్బు పట్టిన రెండో రోజు పొద్దున్నే ఫ్రిజ్జు ఆగిపోయింది. డబ్బా కూయడం మొదలుపెట్టింది.

"ఊళ్లో ఎవరింట్లోనన్నా ఫ్రిజ్జులో పెట్టొద్దాం ఈ సీసాలు. లేకుంటే కుండ తడుపుతా" అంది ఆమె.

"ఒకరి గడప తొక్కాల్సిన ఖర్మ మనకేమొచ్చింది మే? నేను చూస్తా" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ కూతను భరించలేకపోయాను. సంతకు వచ్చినవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు. నా పనితనాన్ని నలుగురిలో ఎగతాళి చేస్తున్నట్టుంది. ఆమె బిందె తీసుకుని నీళ్లకు పోగానే ఫ్రిజ్జు తీగలు కంట్రోలర్ నుంచి పీకి, నేరుగా బ్యాటరీకి కట్టాను. ఫ్రిజ్జు గుర్రుమంది. డబ్బా మాత్రం కూత ఆపలేదు. దాని కన్ను ఫ్రిజ్జు మీద కాదు, బ్యాటరీ మీద. ఆమె మందుల పెట్టెలోంచి ప్లాస్టర్ తీసి, కూత వచ్చే బెజ్జం మీద రెండు ముక్కలు అంటించాను. అప్పటికి దాని గొంతు పడిపోయింది.

ఆమె వచ్చి "ఏమైంది?" అని అడిగింది.

"తీగ వదులైంటే బిగించినా. బాగానే ఉండాది" అన్నాను.

ఆమె నమ్మింది. మర్నాటికి బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయింది. ఆ మర్నాడు ఎండ విరగకాసింది, రేకులు నిప్పులయ్యాయి. ఎండొచ్చింది కదా, బ్యాటరీ అదే నిండుతుంది అనుకున్నాను. అంతగా చచ్చిన బ్యాటరీని కంట్రోలర్ గుర్తుపట్టదని, నింపదని నాకు తెలియదు. ఆ సాయంత్రం సూదికి సీసా తీస్తూ "ఇది చల్లగా లేదేమప్పా" అంది.

"ఊరికే తలుపు తెరుస్తాంటే చల్లదనం యాడుంటాది?" అన్నాను.

అప్పుడే లేచి బ్యాటరీ చూసి ఉండొచ్చు. చూస్తే తప్పు నాదని తేలుతుంది. అందుకే చూడలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆ తర్వాత ఆమెకు దాహం పట్టుకుంది. చెంబు మీద చెంబు తాగింది. ఎండకు లే అన్నాను. సూదులు వేసుకుంటూనే ఉంది, ఉడికిపోయిన మందుతో. నాలుగో నాడు మధ్యాహ్నం మిషను ముందే వాంతి చేసుకుని ఒరిగిపోయింది. ఊపిరి వేగంగా ఆడుతోంది, నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోంది. ట్రెయిలర్‌ను సంతలోనే వదిలేసి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారంతా నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

కాస్త తెలివి వచ్చాక డాక్టరమ్మ "ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నావమ్మా?" అని అడిగింది.

"ఫ్రిజ్జులోనే మేడమ్. మా ఆయప్ప సోలార్ పెట్టించినాడు" అంది ఆమె, ఎండిన పెదవులతో, గొప్పగా.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఫ్రిజ్జు చెడిపోయినట్టుండాది మేడమ్" అన్నాను. ఫ్రిజ్జు మీదికి కూడా నెట్టాను నా తప్పు.

ఆమె కోలుకుంది. ఆసుపత్రి నుంచి రాకముందే బ్యాటరీ మార్చాను, తీగలు మళ్లీ కంట్రోలర్‌కు బిగించాను, ప్లాస్టర్ ముక్కలు పీకాను. వాటి జిగురు మరక మాత్రం చెరగలేదు. మళ్లీ సంతలకు బయల్దేరాక ఒక మబ్బు పట్టిన పొద్దున డబ్బా కూసింది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ ఆగింది. కాసేపు విన్నది. లేచి దాని దగ్గరికి పోయి, ఆ జిగురు మరకను గోటితో గీకింది.

"ఇంత గట్టిగా మొత్తుకుంటాది గదా. అప్పుడు నాలుగు దినాలు ఎందుకు మొత్తుకోలేదు?"

చెప్పాను. తీగలు పీకిన సంగతి, ప్లాస్టర్ సంగతి, సీసా చల్లగా లేదన్నప్పుడు చూడకుండా కూర్చున్న సంగతి, అంతా.

ఆమె ఫ్రిజ్జు తెరిచింది. సీసాలు తీసి తడిగుడ్డలో చుట్టుకుంది, ఊళ్లో ఎవరినైనా అడిగి పెట్టడానికి. దిగబోతూ, "నేను మోటారు కాదప్పా, చుట్టిచ్చుకొచ్చేదానికి" అంది.

ఏడాది కావస్తోంది. కలిసే తిరుగుతున్నాం, కలిసే తింటున్నాం. ఫ్రిజ్జు ఎట్ల ఉండాదని ఆమె అడుగుతుంది. "బాగానే ఉండాది" అంటాను నేను. ఆమె మిషను ఆపి, లేచి వచ్చి, సీసాను చెంపకు ఆనించుకుని చూస్తుంది.