కలలో గెలిచిన వాదం

మా నాయన పోయిన మూడో ఏడు, ఒక తెల్లవారుజామున అమ్మ కలలోకి వచ్చాడట. వాకిట్లో నిలబడి, మా చెల్లెలిని కడపకు పంపొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడట. అంతే. అక్కడి ఆడపిల్లల టీచరు ట్రైనింగు స్కూలు నుంచి చెల్లెలికి వచ్చిన ఉత్తరాన్ని అమ్మ పసుపు డబ్బా కింద పెట్టేసింది. రెండు వారాల్లో చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

మా వైపు ఇళ్లలో ఇది రివాజు. పోయినవాళ్లు తెల్లవారుజామున కలలోకి వచ్చి ఏదైనా చెబితే అది కోరిక కాదు, ఆజ్ఞ. తాత కలలో చలేస్తోందన్నాడని మా పెదనాయన నడి ఎండాకాలంలో ఒక ముసలాయనకు కంబళి దానమిచ్చాడు. ఆ ముసలాయన దాన్ని ఏం చేసుకోవాలో తోచక, మడిచి నెత్తిన పెట్టుకుని ఎండకు గొడుగు చేసుకున్నాడు. ఎవరికీ నష్టం లేదు గనుక నేనూ నవ్వి ఊరుకున్నాను. కానీ ఒక ఆడపిల్ల చదువుకు అడ్డం నిలబడిన కలను చూసి నవ్వి ఊరుకునేవాడు మనిషి కాదు.

అప్పట్లో నేను కర్నూల్లో గుమాస్తాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. పగలు నకళ్లు రాయడం, సాయంత్రం స్నేహితులతో చర్చా సంఘం. దెయ్యాలు, జాతకాలు, కులం, వేటినీ వదలకుండా గొంతు బొంగురుపోయేదాకా వాదించేవాళ్లం. సెలవు పెట్టి కమలాపురం వచ్చేసరికి ఇంట్లో ఇదీ సంగతి. సభలో నిలబడినట్టే అమ్మ ఎదుట నిలబడ్డాను.

"కల నీ మనసు కట్టిన నాటకం అమ్మా. అందులో నాయన లేడు. నీ భయమే నాయన వేషం వేసుకొని వచ్చింది."

అమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు. "నాటకమైతే నువ్వూ ఒకటి ఆడిచ్చు రా. మీ నాయన్ను పిలిపిచ్చుకోని, పాపను పంపిస్తానని చెప్పిచ్చు. సూస్తా."

"కల మన చేతిలో ఉంటాదా అమ్మా?"

"ఇప్పుడే గదరా మనసు కట్టిందంటివి? నీ మనసు నీ మాట ఇనదా?"

చెల్లెలు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నేను చాలా సభల్లో ఓడాను గానీ ఇంత తక్కువ మాటల్లో ఎప్పుడూ ఓడలేదు.

ఒప్పందం కుదిరింది. కలలో ఉండగానే అది కల అని నేను తెలుసుకోవాలి. నాయనను పిలవాలి. సరే అనిపించాలి. అప్పుడు కల ఆజ్ఞ కాదని అమ్మ ఒప్పుకుంటుంది. సాక్ష్యం ఏమిటని నేనే అడిగాను. "నువ్వు అబద్ధం చెప్పవులే. ఆ ఒక్కటీ మీ నాయన గుణం వచ్చిండాది" అంది.

నాకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు. అంతకుముందు ఒకసారి కలలో కూడా నకలు రాస్తూ, సరిచూడ్డానికి మళ్లీ చదివితే వాక్యమే మారిపోయి ఉంది. నకలు గుమాస్తాకు అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ఉలిక్కిపడి, ఓహో ఇది కల అనుకున్నాను. అనుకున్నంతలో మెలకువ వచ్చేసింది. ఇప్పుడు ఆ దారం పట్టుకున్నాను. కంటబడిన ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు చదవాలి. రోజుకు ఇరవై సార్లు చేతి వేళ్లు లెక్కపెట్టుకోవాలి. ముక్కు గట్టిగా మూసుకుని గాలి పీల్చి చూడాలి. గాలి ఆడితే కల, ఆడకపోతే మెలకువ. పగలు అలవాటైన పని కలలోనూ చేస్తామని నా లెక్క. నిద్ర లేవగానే కదలకుండా పడుకుని, వచ్చిన కలను గుర్తు చేసుకుని పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఎదురింటామె వాకిట్లో నిలబడి ఒకరోజు ముక్కు మూసుకున్నాను. ఆమె చీపురు కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసింది.

"ఏమప్పా, మా వాకిలి అంత కంపు కొడ్తాండాదా?"

శాస్త్ర పరీక్ష అని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ రోజు నుంచి నేను కనబడితే చాలు, నీళ్లు చల్లి మరీ ఊడ్చేది.

నాలుగు రోజులు ఏమీ జరగలేదు. అయిదో రోజు మధ్యాహ్నం సంగటి తిని వసారాలో పడుకున్నాను. బజారులో నడుస్తున్నాను. నూనె అంగడి బోర్డు చదివాను. మళ్లీ చూస్తే అది తాలూకా కచేరి. ముక్కు మూసుకున్నాను. గాలి హాయిగా ఆడింది!

ఆ క్షణాన్ని ఎలా చెప్పను? ఒళ్లంతా నవ్వింది. ఎండ నిజం ఎండకంటే ఎండగా ఉంది. ఒక్క గెంతు గెంతాను. కాళ్లు నేలను వదిలేశాయి. మిద్దెల మీదుగా, శనక్కాయ చేల మీదుగా, పాపాగ్ని ఏటి ఎండు ఇసుక మీదుగా చేతులు చాపుకుని పోయాను. కింద మేకలు కాస్తున్నవాడు తలెత్తి చూసి, ఇదేమంత వింత కాదన్నట్టు చుట్ట వెలిగించుకున్నాడు. పకపకా నవ్వుతూ లేచాను.

చెల్లెలు పక్కనే కూర్చుని ఉంది. "నాయన కనపడినాడా అన్నా?"

"లేదు. నేను ఎగిరినా!"

"ఎగిరితివా? నా సీటు పోతాంటే నువ్వు ఎగురుతాంటివా?"

సిగ్గుపడ్డాను. సిగ్గుపడి, మర్నాడు మళ్లీ ఎగిరాను. ఆ మర్నాడు కూడా. కొత్తగా రెక్కలు వచ్చినవాడికి బాధ్యత గుర్తుండదు. పైగా సంతోషం ఎక్కువైతే కల చెదిరిపోతుంది. కలలోనే రెండు చేతులూ గట్టిగా రుద్దుకుంటే మరికాసేపు నిలుస్తుందని అప్పుడే కనిపెట్టాను.

ఇంక నాలుగు రోజులు మిగిలాయి. ఆ మధ్యాహ్నం కల అని తెలియగానే ఎగరలేదు. చేతులు రుద్దుకుంటూ బుద్ధిగా కలలోని మా ఇంటికే నడిచి వెళ్లి, "నాయనా" అని పిలిచాను. పెరట్లోంచి వచ్చాడు. భుజాన తుండు, కాళ్లకు మట్టి. అదే మనిషి.

చెల్లెలిని పంపిస్తావా అని అడగాలి. ఒక్క మాట. కానీ చర్చా సంఘంలో అలవాటైన నోరు. "ముందు నువ్వు నిజం కాదని ఒప్పుకో" అన్నాను.

"ఒప్పుకోను" అన్నాడు.

"నువ్వు పోయి మూడేండ్లయింది."

"అయితే నీతో మాట్లాడేది ఎవురు?"

"నేనే. నా మనసు."

"నీతో నువ్వే కొట్లాడుకుంటాండావా? ఏం పని లేదా రా నీకు?"

నాకు రోషం వచ్చింది. వేళ్లు లెక్కపెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. ఏడు. ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకుని, "అవునే" అన్నాడు చిన్నబోయి. అని, మజ్జిగలో ఉప్పు కరిగినట్టు కరిగిపోయాడు. ఎక్కడి నుంచో చప్పట్లు వినిపించాయి. నేను సభకు నమస్కారం కూడా పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, అడగాల్సింది అడగనే లేదు. "నాయనా, ఒక్క మాట!" అని అరుస్తూ లేచాను.

విని చెల్లెలు వంటింటి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "సరే అన్నాడని అమ్మకు చెప్పు అన్నా. ఒక్క మాటే గదా."

"చెప్పను. అట్ల చెప్తే కల ఆజ్ఞేనని నేనే ముద్ర వేసినట్టు. రేపు ఇంకో కల వచ్చి నిన్ను కడప నుంచి ఎనక్కి పిలుస్తాది."

"నీ సిద్ధాంతం నిలబడాల. నేను ఈడ్నే కూలబడాల. అంతేనా?"

అబద్ధంతో తెరిచిన తలుపు అబద్ధంతోనే మూసుకుంటుందని వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఆ రోజు ఆ తలుపు దగ్గర నిలబడింది నేను కాదు, ఆమె.

వెళ్లి అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏడు వేళ్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పట్ల దగ్గర చేట పక్కన పెట్టేసి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నాయన పోయాక అమ్మ అట్లా నవ్వడం అదే మొదలు.

"బతికుండంగా ఆయనను వాదంలో ఎవురూ గెలవల్యా. పోయినాక గెలిస్తివా రా!" అంది. కళ్లు తుడుచుకుని అడిగింది: "వేళ్లు ఎట్ల లెక్కపెట్టుకోవల్ల?"

నేర్పాను. అమ్మకు చదువు రాదు గనుక అక్షరాలు వదిలేసి వేళ్లూ ముక్కూ చెప్పాను. శనక్కాయలు ఒలుస్తూ మధ్యలో ఆగి వేళ్లు లెక్కపెట్టుకునేది. ముక్కు మూసుకుని బావి దగ్గరికి పోయేది. ఎదురింటామె ఈసారి చీపురు విసిరేసి, "అమ్మకూ కొడుక్కూ ఇద్దరికీ కంపేనా!" అని వీధంతా వినబడేటట్టు అరిచింది. చెల్లెలు పడీ పడీ నవ్వింది. ఆ రెండు రోజులు మా ఇల్లు పిచ్చివాళ్ల ఇల్లే.

మూడో మధ్యాహ్నం అమ్మ కునుకు తీసి లేచి, వేళ్లు మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుంది. మర్నాడే గడువు. మేమిద్దరం చెరో పక్కన చేరాం.

"వచ్చినాడు. వాకిట్లోనే నిలబడినాడు. వేళ్లు సూసుకుంటి, ఆరు. ఓహో కల అనుకుంటి. ఆయన తల అడ్డంగా ఊపబోయినాడు. ఊపాకు అంటి."

"ఊపినాడా?" చెల్లెలు.

"ఊపల్యా. ఇన్నేండ్ల కాపురంలో ఒక్కసారన్నా ఆ మాట అనలేదు నేను ఆయనతో. అంటే ఇంటాడని నాకేం తెలుసు? పిల్ల కడపకు పోతాది, నేనే పంపిస్తాండా అంటి. కూర్చోని మజ్జిగ అడిగినాడు. ఇచ్చి వచ్చినా."

నేను లేచి నిలబడ్డాను. "సూస్తివా అమ్మా! అది నాయన కాదు, నీ మనసే. నీ మనసులో నువ్వే..."

"కూర్చో రా. ఎవురైతే ఏం? నేను చెప్పినా, ఇన్నాడు." అమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "మ్మే, కడపకు పొద్దున రైలు ఎన్ని గంటలకు?"

అమ్మ మాట పూర్తి కాకముందే చెల్లెలు గంట చెప్పేసింది, నిమిషాలతో సహా.