తూటా మూతి, కజ్జికాయ అంచు

మొన్న పొద్దున పోపు వేస్తుంటే జగిత్యాల నుంచి ఫోను వచ్చింది. అన్న నిద్రలోనే పోయాడని ఆయన కూతురు చెప్పి ఏడ్చింది. నేనూ పొయ్యి ఆపేసి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. తొంభైల మొదట్లో ఒమాన్‌లో, బర్కాలో, ఒకే ఇంట్లో పనిచేశాం. నేను కడప నుంచి వెళ్లిన వంటమనిషిని. ఆయన ఆ ఇంటి యజమాని తుపాకులు చూసుకునేవాడు. యజమానిని మేం అర్బాబ్ అనేవాళ్లం.

అర్బాబ్‌కు గురి పోటీలంటే పిచ్చి. కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ మందు పోసి, గుండు బిగించి, తన రైఫిల్‌కు కావలసిన తూటాలు ఇంట్లోనే తయారు చేయించుకునేవాడు. అందుకోసం ఖర్జూరపు తోట పక్కన లైసెన్సు ఉన్న గది ఒకటి ఉండేది. దానికీ నా వంటింటికీ ఒకటే గోడ. ఆర్మీలో తుపాకుల డిపోలో పనిచేసి వచ్చిన అన్న ఆ గదిలో రేడియో కూడా పెట్టనిచ్చేవాడు కాదు. చేతులు సబ్బుతో రెండోసారి కడిగితే గానీ టీ గ్లాసు ముట్టేవాడు కాదు. టీ చల్లారిందని మళ్లీ నన్నే సతాయించేవాడు.

అన్నీ అయ్యాక ప్రతి తూటా మూతినీ గుండు చుట్టూ యంత్రంతో నొక్కేవాడు. దాన్ని క్రింపు అనేవాడు.

"ఇంత తిప్పలు యాలన్నా?" అని అడిగానొకసారి.

"గుండు కదలకుంట పట్టుకుంటది చెల్లె. పట్టు గట్టిగుంటెనే గురి. ఆర్మీల గట్లనే నేర్పిండ్రు."

అదే పట్టుదల నా కజ్జికాయల మీదా చూపించేవాడు. వాటిని ఆయన గరిజెలు అనేవాడు. నేను అంచులు వేళ్లతో అదిమి వదిలేస్తాను, మడతలు వేయను. "మడత లేకుంటె నూనెల ఇచ్చుకుంటయ్" అనేవాడు. "పిండి బాగా తడిపింటే చాలన్నా, మడతలు సోకుకే" అనేదాన్ని. నూనెలో ఒక్కటీ విచ్చుకునేది కాదు. అయినా ఒప్పుకునేవాడు కాదు, తినడం మాత్రం మానేవాడు కాదు.

ఒక ఈద్ ముందు ఆయన అరచేతిలో ఖర్జూరపు ముల్లు దిగి చెయ్యి వాచింది. తూటాలన్నీ సిద్ధమే, మూతులు నొక్కడం ఒక్కటే మిగిలింది. యంత్రం లివర్ లాగలేకపోయాడు. ఆ మాట అర్బాబ్‌కు చెప్పాడు. అర్బాబ్ "మాఫీ ముష్కిల్, పర్వాలేదు" అని వాటినే పోటీకి తీసుకెళ్లాడు. తీరా చుట్టాలందరి ముందు ఒక్క గురీ తగల్లేదు. ఇంటికొచ్చి తుపాకీ సంచి విసిరికొట్టి, "ఖలాస్! వీసా కేన్సిల్, తుమ్ ఇండియా జావ్" అన్నాడు.

అప్పుడు అన్న కూతురు నర్సింగు చదువుతోంది. ఆయన వెనక్కి పోతే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. అయినా ఎదురు చెప్పకుండా బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"తప్పు నాదే చెల్లె. ఒత్తకుంటనే ఇచ్చిన. ఇంకేం మాట్లాడుత?"

నాకు ఒళ్లు మండింది. "నొక్కినవీ, నొక్కనివీ రెండూ కాల్చి చూస్తే తెలుస్తాది గదా! చూడకనే తప్పు నెత్తిన వేసుకుంటావా?"

ఆయన అడగలేదు. అర్బాబ్‌కు కహ్వా కాఫీ అందిస్తూ నాకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి నేనే అడిగాను. చుట్టాల నవ్వులు అర్బాబ్‌ను ఇంకా పొడుస్తున్నట్టున్నాయి, సరే అన్నాడు.

చేతి వాపు తగ్గాక అన్న రెండు రకాలూ చేసి రెండు పాలపొడి డబ్బాల్లో పెట్టాడు. కాల్చేవాడికి తెలిస్తే మనసు ఒకవైపు లాగుతుందని, ఏ డబ్బాలో ఏవో అర్బాబ్‌కు చెప్పలేదు. కహ్వా ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. కొండ కింద ఒక్కో డబ్బాకు ఒక్కో కాగితం పెట్టి కాల్పించాడు. కాగితాలు తెచ్చి చూస్తే రెండింటిలోనూ రంధ్రాలు నడిమి చుక్కకు జానెడు ఎడమగా, ఒకేచోట గుంపుగా ఉన్నాయి. అన్న కాగితాలు వదిలేసి రైఫిల్ అందుకున్నాడు. పైనున్న గురి చూసే దుర్భిణి పక్కకు జరిగి ఉంది. పోటీకి పోతూ వాదీ అనే ఎండు వాగు రాళ్లలో పికప్ ఎగిరెగిరి పడినప్పుడు జరిగిందన్నమాట. దాన్ని సరిచేసి ఇచ్చాక రెండు రకాలూ నడిమికే తగిలాయి.

అక్కడితో అన్న ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. గుంపు కాస్త దగ్గరగా ఉన్న కాగితం చూపించి, ఇవి నొక్కనివి, ఇన్నేళ్లూ నేను మీకు తప్పే చెప్పాను అని అర్బాబ్‌తో హిందీలో చెప్పేశాడు. ఈ పరీక్ష నా ఆలోచన కాదు, మా చెల్లెలిది అని కూడా చెప్పాడు. బయటపడ్డాక మళ్లీ ఇదెందుకని నేను వెనక నుంచి సైగ చేస్తూనే ఉన్నాను. అర్బాబ్ కాగితం చూసి, ఆయన భుజం తట్టి బండెక్కాడు. వీసా ఊసు మళ్లీ ఎత్తలేదు.

దారిలో అన్న నవ్వాడు. "నా మాటనే నిజమైతె ఇయ్యాల నేను ఇమానంల ఉందును చెల్లె. నా మాట తప్పయింది, నా బిడ్డ సదువు నిలవడ్డది."

తర్వాత కూడా వేటకని బండిలో పడేసి తీసుకెళ్లే తూటాలకు మూతి నొక్కేవాడు. పోటీవాటికి మానేశాడు. నేనేం చెప్పినా, ఆఖరికి కూరలో ఉప్పు సరిపోయిందన్నా, "చూసి చెప్తున్నవా, ఊకెనే అంటున్నవా?" అనేవాడు. ఆ ప్రశ్న నన్ను ఈ వయసు దాకా ఎన్నో తొందరపాటు మాటల నుంచి కాపాడింది. వంట చేసుకునే మనిషి మాటను నలుగురిలో నిలబెట్టినవాడు నాకు అంతకుముందు ఎవరూ లేరు. అందుకు ఆయనకు ఎంత రుణపడ్డానో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు, చెప్పనిచ్చేవాడూ కాదు.

నేను ఊరికి వచ్చేసేటప్పుడు, పాత ఇత్తడి గొట్టం అడుగు కోసి, అంచుకు పళ్లు గీసి, కజ్జికాయలు కోసే చక్రం చేసిచ్చాడు. "మడత ఎయ్యకున్నా, సూడనీకె మంచిగుండాలె గద" అన్నాడు.

ఫోను చేసిన ఆ కూతురు ఇప్పుడు పెద్ద నర్సు. నిన్న ఆ చక్రం తీసి కజ్జికాయలు చేశాను. సగం నా పద్ధతిలో అదిమి, కోసి వదిలేశాను. సగానికి ఆయన కోసం మడతలు వేశాను. నూనెలో ఒక్కటీ విచ్చుకోలేదు. రెండు రకాలూ రెండు డబ్బాల్లో పెట్టి, ఏవి ఎందులో ఉన్నాయో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.