కొమ్మ మీది మనిషిని పిలవకూడదు

మా ఊరి బడిలో మధ్యాహ్నం వంట చేసేది నేనే. ఆ ఏడు నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని చాట్రాయి అవతల ఆటల క్యాంపుకి తీసుకెళ్ళారు. రెండు రాత్రులు పడక కూడా అక్కడే. వంటకి నన్ను రమ్మన్నారు మేడమ్‌గారు. ఒక్క వంట కోసమే అయితే వెళ్ళేదాన్ని కాదు. నా కూతురు నాలుగో తరగతి. అది నేల విడిచి పైకి వెళ్ళకుండా చూసుకోవడానికి వెళ్ళాను.

దాని నాన్న మామిడిచెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటికి అది పాలు తాగే పిల్ల. కాయ కోసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మనిషి కొమ్మ మీద ఉంటే కింద నుంచి పేరు పెట్టి పిలవరు. ఎంత తొందరైనా సరే, అతను కాలు కుదురుకుని తనంతట తాను కిందకి చూసేదాకా ఆగాలి. ఆ రోజు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన లారీ డ్రైవరుకి ఈ సంగతి తెలియదు. ఆలస్యమవుతోందని, పేరు కనుక్కుని మరీ కేకేశాడు. ఎవరా అని ఈయన వంగి చూశాడు. అంతే. తర్వాత ఆ డ్రైవరు నా ఎదురుగా కూర్చుని ఏడ్చాడు. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఆ క్యాంపు కూడా పాత మామిడి తోటే. కాపు తగ్గిపోయిందని చెట్లకి తాళ్ళు కట్టి పిల్లల్ని ఆడిస్తున్నారు. రెండు చెట్ల మధ్య తాళ్ళ వంతెన ఉంది. బస్సు దిగగానే అది చూసి మేడమ్‌గారి దగ్గరికి వెళ్ళాను.

“మా పిల్లని అది ఎక్కించొద్దండి.”

“బెల్టు ఉంటుందమ్మా, హెల్మెట్ ఉంటుంది. చెయ్యి వదిలేసినా గాల్లో వేలాడుతుంది గానీ కింద పడదు.”

“ఏమున్నా వద్దండి.”

“సరేలే,” అన్నారావిడ.

మర్నాడు పొద్దున పొయ్యి పక్కన దోసకాయలు తరుగుతుంటే ఐదో తరగతి పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది.

“ఆంటీ, మీ పాప పైకెక్కేసింది. మేడమ్ వద్దంటే ఏడ్చి ఏడ్చి ఎక్కింది. ‘నువ్వెక్కవులే, మీ నాన్నలా పడిపోతావు’ అని మావోళ్ళు ఏడిపించారు.”

కత్తిపీట ముందు నుంచి ఎలా లేచానో తెలియదు. వెళ్ళేసరికి అది వంతెన మధ్యలో ఉంది. రెండు చేతులా తాడు పట్టుకుని కాలు ముందుకి పెడుతోంది. కింద పిల్లలందరూ చప్పట్లు కొడుతూ దాని పేరు పెట్టి అరుస్తున్నారు. మేడమ్‌గారూ అరుస్తున్నారు.

“నోరు ముయ్యండి అందరూ,” అన్నాను. “దాన్ని ఎవరూ పిలవొద్దు.”

నాది మగగొంతు. తోటల్లో కోతుల్ని తోలీ తోలీ బొంగురుపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ కిక్కురుమనలేదు.

పైన అదీ ఆగిపోయింది. అందరూ ఎందుకు ఊరుకున్నారో దానికి అర్థం కాలేదు. కిందకి చూస్తే నేను కనిపించాను. నా ముఖం ఎలా ఉందో మరి, ముందుకి పెట్టిన కాలు వెనక్కి తీసేసుకుంది. తాడు వాటేసుకుని ఏడ్చింది. ధైర్యం చెబుదామన్నా పిలవాలి కదా, పిలవలేను. చివరికి క్యాంపు సారు పైకెళ్ళి, బెల్టుకున్న తాడుతో సంచిని దించినట్టు దించాడు. బట్టలు తడుపుకుంది. పిల్లలు నవ్వారు.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే వచ్చి నిలబడింది.

“వాళ్ళు పిలుస్తుంటే వెళ్తున్నానమ్మా. నువ్వెందుకు ఆపేశావు?”

“చెట్టు మీదున్నోళ్ళని పిలవకూడదే.”

“అది చెట్టు కాదు.”

“చెట్టుకే కదే కట్టింది.”

“రేపు మళ్ళీ ఎక్కుతా. నువ్వు అటు రావద్దు. వస్తే నీతో మాట్లాడను.”

“మీ నాన్న...”

“తెలుసు,” అంది. “ఊళ్ళో అందరూ చెప్తూనే ఉంటారుగా.”

మర్నాడు నేను వెళ్ళలేదు. గంజి వారుస్తుంటే చెట్ల అవతల నుంచి దాని పేరు వినిపించింది. ఒకరి తర్వాత ఒకరు, ఆ తర్వాత అందరూ కలిసి. గంజి చేతి మీద పడ్డా తెలియలేదు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే పెద్దగా అరిచారు. ఈయన పడ్డ రోజు కూడా తోటలో అలాగే అరిచారు. ఏ అరుపో తెలియక గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

“దాటేశానమ్మా,” అంటూ అన్నానికి వచ్చింది. అరచేతులు దోక్కుపోయాయి. కొబ్బరినూనె రాసి, “మంచిదేనే,” అన్నాను. సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఇన్నాళ్ళూ దానికి భయం ఉందని, ఆ భయమే దాన్ని కాపాడుతుందని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఆ భయం లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డుకి రెండు వైపులా తోటలే.

“అమ్మా, అదిగో, ఆ చెట్టయితే తేలిగ్గా ఎక్కొచ్చు,” అని వేలు పెట్టి చూపించింది.

నేను అటు చూడలేదు. అది ఇంకో చెట్టు చూపించింది.