తోపు పేలేటప్పుడు నోరు తెరవాలి

మొన్న హనుమకొండ నుంచి ఖిలా వరంగల్‌లో ఉండే మా అక్క ఇంటికి ఆటోలో పోతుంటే, దారిలో ఒక కాలేజీ గేటు ముందు కొత్తగా కట్టిన సిమెంటు దిమ్మె మీద ఆకుపచ్చ రంగు పూసిన పెద్ద ఇనుప బండి కనిపించింది. పొడుగాటి గొట్టం, కింద వరికోత మిషన్లకు ఉండేలాంటి గొలుసు చక్రాలు, నడుమ కంబాల మీద బస్టాపు కప్పులాంటి రేకు. ముందు బోర్డు మీద 'యుద్ధ ట్యాంకు' అని రాశారు. ఆటో ఆపించాను. అది ట్యాంకు కాదని ఆటో అతనితో మొదలుపెట్టి, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో పొడిగించి, గొడవ విని బయటికి వచ్చిన ఆటల మాస్టారుతో తేల్చుకునేదాకా కదల్లేదు. ట్యాంకు శత్రువుకు ఎదురుపోయి కొడుతుందని, ఇది మాత్రం వెనక ఎక్కడో నిలబడి కంటికి కనబడని దాన్ని కొట్టే ఫిరంగి అని, లారీకి కట్టి ఈడ్చుకుపోయే ఫిరంగిని ఊడదీసి ట్యాంకు బండి మీదికి ఎక్కించారని చెప్పాను. ఆయన ఓపికగా విని, "గొట్టమున్నది, చైనున్నది మేడం. పిల్లలకు ట్యాంకంటేనే సమజైతది" అన్నాడు. చదువు చెప్పేవాళ్లే ఇట్లా అంటే ఇంకేం చెప్పాలి? మళ్లీ ఆటో ఎక్కాక డ్రైవరు, ఇదంతా మీకెట్లా తెలుసని అడిగాడు. మా ఆయన దానితో కాపురం చేశాడని, నేను ఆయనతో సెలవుల్లో చేశానని చెప్పాను. అతను అద్దంలో ఒకసారి నన్ను చూసి, ఆటో వేగం పెంచాడు.

పెళ్లయిన నాలుగు రోజులకే, మిలిటరీలో పనిచేసే మా ఆయన ఆ బండి గురించి నాకు పాఠం చెప్పారు. మా అత్తగారి వంటింట్లో కూచునే పీట, దాని పక్కన అప్పడాల కర్ర పెట్టుకుని మొదలుపెట్టారు. కర్ర ఫిరంగి, ఆయన మాటల్లో తోపు. పాతకాలం పద్ధతిలో దాన్ని లారీ వెనక కట్టి లాక్కుపోవాలి. ఎడారి ఇసుకలో లారీ దిగబడుతుంది. దాన్ని బయటికి లాగి, ఫిరంగిని విడదీసి, కాళ్లు చాపి, నేలలోకి దిగగొట్టి, గుండు వేసి, మళ్లీ అన్నీ మడిచి కదిలేలోపు అవతలివాడి గుండు మన నెత్తిన పడుతుంది. అందుకని ఎవరో బుద్ధిమంతుడు పాత ట్యాంకు తలకాయ తీసేసి, ఖాళీ అయిన మొండెం మీద ఈ ఫిరంగిని కూచోబెట్టాడు. ఇంక కట్టేదీ లేదు, విప్పేదీ లేదు, ఆగి కొట్టడం, లేచి పోవడం. ఇలా అంటూ కర్రను పీట మీద పెట్టి, పీటను గచ్చు మీద గరగర జరిపారు. కొత్త పెళ్లికూతురిని, సిగ్గుపడుతూ వినవలసినదాన్ని. కానీ డిగ్రీలో మూడేళ్లూ వక్తృత్వ పోటీలకు పోయినదాన్ని, నోరు ఊరుకుంటుందా? "ఒకని మొండానికి ఇంకొకని తల. అంటే మీ తోపు వినాయకుడన్నట్టు" అన్నాను. గడప దగ్గర బియ్యం చెరుగుతున్న అత్తగారి చేట ఆగిపోయింది. ఆయన మాత్రం తల వెనక్కి వేసి నవ్వారు. నా మాటకు కోపం రాని మనిషిని పుట్టి పెరిగాక మొదటిసారి చూడటం అదే.

ఎందుకంటే మా ఇంట్లో నేను పుట్టింది మొదలు అందరూ నాకు చెప్పింది ఒక్కటే, నోరు ముయ్యమని. అమ్మ ప్రేమగానే చెప్పేది, నాన్న కళ్లతో చెప్పేవాడు, మా అక్క గిచ్చి చెప్పేది. లోకంలో నన్ను నోరు తెరవమన్న ఒకే ఒక్క మనిషి మా ఆయన. అదీ నా మాటల మీద మోజుతో అనుకునేరు. తోపు పేలేటప్పుడు నోరు తెరిచి ఉంచాలట, మూసుకుంటే ఆ అదురుకు చెవుల్లో పొర చిట్లుతుందట. తోపు దగ్గర పనిచేసేవాళ్లకు అది ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ అలవాటు సెలవుల్లో ఆయనతోపాటు రైలెక్కి మా ఇంటికీ వచ్చేది. ఉరిమితే నోరు తెరిచేవారు. దీపావళికి వీధిలో లక్ష్మీబాంబు వత్తి ముట్టించడం చూస్తే చాలు, తెరిచేవారు. కుక్కరు కూత వేసే ముందు సుయ్యిమనగానే తెరిచేవారు. ఆయన్ని చూసి నా పిల్లలిద్దరూ నేర్చారు. మా మరిది పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు డోలు మీద మొదటి దెబ్బ వేయగానే, ముందు వరసలో తండ్రీ పిల్లలు ముగ్గురూ చెరువు నుంచి తీసిన చేపల్లా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఆ పెళ్లి ఆల్బం ఇప్పటికీ మరిది ఇంట్లో ఉంది, తోటికోడలు ఎవరికీ చూపించదు.

అంత నోరు తెరిచినా చెవులు దక్కలేదు. ఒక ఏడు సెలవుకు వచ్చినప్పుడు ఎడమవైపు పిలిస్తే పలకలేదు. మరుసటి ఏడు రేడియో పక్కింటికి వినపడేంత పెంచారు. తర్వాత తర్వాత నేను వంటింట్లోంచి దులిపేసిందంతా గోడలే విన్నాయి. ఏడాదంతా నేను హనుమకొండలో అద్దె గదుల్లో పిల్లలతో, వాళ్ల జ్వరాలతో, ఇంటి ఓనరు సతాయింపుతో వేగుతూ ఆయన కోసం మాటలు దాచుకునేదాన్ని. సెలవు దొరికేది రెండు నెలలు. వచ్చిన ప్రతిసారీ ఆయనకు అందే మాటలు తగ్గిపోయేవి. మిలిటరీలో పేరు కొట్టేయించుకుని వచ్చేయమని పోట్లాడాను. ఇంకో రెండేళ్లు అనేవారు. తోపుకు ఇంకా అలవాటుపడని సిపాయి పిల్లలు ఉన్నారు అక్కడ, వాళ్లు తయారు కావాలి అనేవారు. మరి ఇక్కడి పిల్లలో అని నేను. తిట్లకు నేనెప్పుడూ తడుముకోలేదు. గొంతు పెంచితే అవి ఎట్లాగో చేరేవి. గొంతు పెంచి చెప్పలేని మాట ఒకటి ఉంటుంది కదా, అదే మిగిలిపోయింది. దాన్ని అరిచి చెప్తే వీధంతా వింటుంది, మెల్లగా చెప్తే ఆయనకు వినబడదు. అది చెప్పకముందే ఆ రెండో చెవి కూడా మూసుకుపోతుందేమోనని నా బెంగ. రిటైరై వచ్చాక చెవికి మిషను పెట్టించాను. అందరి మాటలూ ఒక్కసారే మీద పడుతున్నాయని తీసి అలమారాలో పెట్టేశారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ బండ్లకూ రిటైర్మెంటు వచ్చింది. ఆఖరిసారి పేలుస్తున్నామని, వాటి మీద పనిచేసినవాళ్లను ఇంటివాళ్లతో సహా రమ్మన్నారు. రెండు రైళ్లు మారి ఆ ఇసుకలోకి పోయాం. నేను సవతిని చూడబోతున్నట్టు మూతి ముడుచుకునే పోయాను. దిగగానే తెల్ల గడ్డం సర్దార్జీ ఒకాయన ఎదురొచ్చి, "గణపతికి పేరు పెట్టిన భాభీ మీరేనా?" అని హిందీలో అడిగాడు. అర్థం కాక మా ఆయన వైపు చూశాను. ఆయన ఎటో చూస్తున్నారు. సర్దార్జీ తీసుకుపోయి చూపించాడు. బండి పక్కన పాత రంగు మీద చిన్న వినాయకుడి బొమ్మ, తొండం గొట్టమంత నిటారుగా. వంటింట్లో పీట ముందు నేను అన్న మాటను ఈయన ఆ సెలవు కాగానే అక్కడికి మోసుకుపోయారన్నమాట. కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ అది ఎవరు అన్నారో చెప్పి మరీ పరిచయం చేసేవారట. ఇన్నేళ్లు నా పిల్లల పక్కన లేడని ఎవరినైతే తిట్టానో, ఆ మనిషి నన్ను ఇక్కడ దగ్గర పెట్టుకునే ఉన్నాడు. కొంగుతో ఆ తొండం మీది ఇసుక తుడిచాను. 

షామియానా కింద మమ్మల్ని నిలబెట్టారు. గొట్టం పైకి లేచింది. ఆయన నా భుజం తట్టి, "నోరు తెరువ్" అన్నారు. తెరిచాను, కళ్లు గట్టిగా మూసుకున్నాను. అది పేలింది. నేల కాళ్లలోంచి గుండెల దాకా ఎక్కింది. ఆ చప్పుడులో ఎవరూ ఏదీ వినలేరని తెలిసి, అన్నేళ్లుగా అడ్డం పడి ఉన్న ఆ మాట అనేశాను. కళ్లు తెరిచేసరికి అంతా దుమ్ము, చప్పట్లు. కొందరు ముసలివాళ్లు ముఖాలు తుడుచుకుంటున్నారు.

తిరుగు రైల్లో చాయ్ చల్లారిపోయిందని అమ్మేవాడితో వాదిస్తున్నాను. కిటికీ పక్కన కూచున్న ఆయన, నా వైపు తిరక్కుండానే అన్నారు.

"నాకు గూడ."

"ఏంది నీకు గూడ? నీకు గూడ చల్లగున్నదా?" అని ఆయన చెవి దగ్గర అరిచాను.

"నువ్వు లేకుంటే ఏం తోచది నాకు గూడ."

చాయ్ కప్పు చేతిలోనే ఉండిపోయింది. వినబడిందా అని సైగ చేసి అడిగాను.

"ఆ మోతల ఎవలకు వినబడ్తదే. నోరు తెరిచినవా లేదా అని నిన్నే చూస్తున్న. తెరిచినవ్ గని, తిన్నగుంచలే, పెదవులు ఆడించినవ్."

జీవితమంతా దాని పక్కన నిలబడ్డ మనిషి, అది ఆఖరిసారి పేలుతుంటే దాన్ని చూడలేదు.

ఆయన పోయి రెండు వర్షాకాలాలు గడిచాయి. ఇప్పుడు ఇంట్లో ఎంత మెల్లగా మాట్లాడినా సరిపోతుంది, అదే సహించలేకపోతున్నాను. తోపులు ఆఖరిసారి పేల్చిన ఆ రోజు అన్నిటికంటే చివరన, చాలా దూరంగా ఇసుక దిబ్బల అవతల ఇంకో ఫిరంగి పేలింది. ముందు నిప్పు మెరిసి ఆరిపోయింది. ఇంతేనేమో అనుకుని అందరం కదలబోతుంటే అప్పుడొచ్చింది చప్పుడు. మేము కలిసి ఉన్న కాలమూ అంతే, కళ్ల ముందు మెరిసి ఎప్పుడో ఆరిపోయింది, దాని మోత నా దాకా ఇప్పుడు వస్తోంది.