ఒక చేతికి పది వేళ్లు

ఉదయం పదకొండూ పదికి కోరుట్లలో స్టూడియో షట్టర్ లేచింది. అప్పటికే నేను మెట్ల మీద ఉన్నాను.

అక్కకు పుట్టుకతో మాట, వినికిడి లేవు. ఇంట్లో అందరం ఆమెతో చేతులతోనే మాట్లాడేవాళ్లం. నేను మస్కట్‌లో ఉన్నప్పుడు సిరిసిల్లలో చిన్నాయన బిడ్డ పెళ్లయింది. రాలేని గల్ఫ్ వాళ్ల కోసం ఒక్కొక్కరూ కెమెరా ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పడం అప్పటి పద్ధతి. అక్క కూడా నిలబడి నాకు ఏదో చెప్పింది. నాకు పంపిన ఆ పెళ్లి డీవీడీని క్యాంపు గదిలో, పదిమంది మధ్య, ఒకసారి చూశాను. ఆమె ఏం చెప్పిందో ఇప్పుడు గుర్తు లేదు.

అక్క సంవత్సరీకానికి వీడియో చేయించాలని నేను తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన ఆ డీవీడీని తమ్ముడు ఈ స్టూడియోలో ఇచ్చాడు. వచ్చిన ఫైలులో అక్క చెయ్యి కనుబొమ్మ దాకా లేచింది. మా చేతుల మాటలో అది నా పేరు. నా కనుబొమ్మ మీద మచ్చ ఉంది. ఆ తర్వాత ఆ చేతికి పది వేళ్లు.

“గీతలు అస్తున్నయని కలిపేసిన సార్. ఎంత నున్నగైందో చూడుండ్రి” అన్నాడు స్టూడియో యజమాని.

డీవీడీలో ఒక్కో బొమ్మ రెండు సగాలుగా ఉంటుంది. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు దాని తర్వాతి క్షణానివి. పాత టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపేది. కంప్యూటర్ రెండూ ఒకేసారి చూపిస్తే కదిలే చేతికి దువ్వెన పళ్లు వస్తాయి. సగాలను విడదీసి దేనికది పూర్తి బొమ్మ చేయాలి. ఇతను రెండూ కలిపి రుద్దేశాడు. ఆ మాటే చెప్పాను.

“అండ్ల మాటే లేదు గద సార్. మంచి పాటొకటి ఏస్తే అయిపాయె.”

“మాట ఉండె. నువ్వు చెరిపినవ్.”

“అసలు డిస్కు తెండ్రి, మళ్ల చేస్త. మీ తమ్మునికే ఇచ్చిన.”

జగిత్యాలలో ఇంటికి తిరిగొచ్చి తమ్ముణ్ని అడిగాను. మక్కజొన్న చేను వైపు చూపించాడు. పిట్టలు వాలకుండా పాత డిస్కులన్నీ తాడుకు వేలాడదీశాడు.

“ఫోన్ల ఎక్కినంక గా బిళ్ల దేనికే అన్నా?”

“అక్క ఏం చెప్పిందో నీకు సమజైందారా?”

“పెండ్లికి రాలేదని తిట్టి ఉంటది. అందరు గదే తిట్టిండ్రు. గప్పుడు మస్కట్‌ల కూసుంటివి, ఇప్పుడు యాదికచ్చిందా?”

పెళ్లి అని రాసి ఉన్న డిస్కును తెంపి తెచ్చాను. ఎండకు వెండిపూత పొరలు లేచింది. ఏ కంప్యూటరూ దాన్ని చదవలేదు.

సంవత్సరీకం నాడు ఆ ఫైలుకు పాట పెట్టి వేశారు. కనుబొమ్మ దాకా చూసి బయటికి వచ్చేశాను. తమ్ముడూ నేనూ పని ఉంటేనే మాట్లాడుకుంటాం, అదీ నోటితో. మా ఇంట్లో ఇప్పుడెవరూ చేతులతో మాట్లాడరు.