తడి వల

బేత్సయిదాలో తెల్లవారగానే ఒడ్డంతా వలలు ఆరుతుంటాయి. సరస్సు గాలి వాటిలోంచి దువ్వుకుని పోతుంది. వాటిలో ఒకదాన్ని మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ నీళ్ళలోకి విసరలేదు.

అది యోనా చిన్నకొడుకుది. ఒకరోజు పొద్దున్నే ఒడ్డున నడిచి వెళ్తున్న ఒకాయన రమ్మని పిలిస్తే, అన్నదమ్ములిద్దరూ వలలు విడిచిపెట్టి ఆయన వెంట వెళ్ళిపోయారు. అన్న వలను అతని అత్తగారు చూసుకుంది. పెళ్ళికాని తమ్ముడి వలకు ఎవరున్నారు? నార వల తడిసి ఒక్కచోట పడివుంటే నాలుగు రోజుల్లో కుళ్ళిపోతుంది. పక్కింటి తిర్సా తిట్టుకుంటూనే దాన్ని జాడించి ఆరేసింది. సాయంత్రానికి రాకపోతాడా అనుకుంది.

రాలేదు. తిర్సా మొగుణ్ణి మట్టిచేసింది, కొడుకుకి పెళ్ళిచేసింది, పళ్ళన్నీ పోగొట్టుకుంది. వారం వారం ఆ వలను దులిపి ఎండలో పరుస్తూనే ఉంది.

ఆ తమ్ముడు ఇప్పుడు దేశదేశాలు తిరిగి బోధించే అపొస్తలుడు. ఆయన పుట్టి పెరిగిన ఊరి కబుర్లు రాసుకోవడానికి అంతియొకయ పట్టణం నుంచి ఆయన శిష్యుడు ఫ్లెగోను వచ్చాడు. తిర్సా ఎదురుగా, బోర్లించిన చేపల బుట్ట మీద కూర్చుని, తోలుకాగితం పరిచాడు.

“అమ్మా, ఆయన పుట్టినప్పుడు ఆకాశంలో ఏదైనా వెలుగు కనబడిందా?”

“వానొచ్చింది నాయనా. మా కప్పు కారింది.”

“చిన్నప్పుడు ఎలా ఉండేవారు?”

“పొలుసుల్లేని చేపలు మన యూదులు తినరు కదా, ఏరి నీళ్ళలో పారెయ్యరా అంటే, ఒక్కోదానికీ వెళ్ళిరా అని చెప్పి వదిలేవాడు. మధ్యాహ్నం దాకా అదే పని.”

చేపలకు ఉప్పు పట్టిస్తున్న కోడలు మహలా తలెత్తింది. “అత్తా, ఇంక వల సంగతి ఎత్తకు. ఈయన ఇవాళే ఊరెళ్ళాలి.”

“ఎత్తకపోతే ఎట్టా? రాసుకో నాయనా.”

“వలలు విడిచిపెట్టి వెళ్ళారని ఇదివరకే రాసుకున్నామమ్మా.”

“తడివని రాశారా?”

“లేదు.”

“చూశావా మరి.”

కాసేపు ఆమె వలకేసి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “ఎప్పుడన్నా, ఎక్కడన్నా, ‘నా వల ఏమైందో’ అన్నాడా?”

ఫ్లెగోను అబద్ధం ఆడలేని మనిషి.

“వల గురించి నేను వినలేదమ్మా. కానీ ఓడ దిగి ఎంత అలిసిపోయి వచ్చినా, ముందు తడిబట్టలు పిండి ఆరేస్తారు. మేం చేస్తామన్నా వినరు. ‘మా ఊళ్ళో ఒకావిడ తిడుతుంది’ అంటారు.”

సరస్సు మీద ఎండ చేపపొలుసుల్లా చిన్నచిన్నగా మెరిసింది. తిర్సా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఒకావిడా? పేరు చెప్పలేదూ?”

“చెప్పలేదమ్మా.”

“ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేస్తే, ఒకావిడ.”

“ఇప్పుడు నేను రాస్తాను. మీ పేరు?”

“తిర్సా. పెద్దగా రాయి, ఆడికి చిన్నప్పట్నుంచీ చూపు తక్కువ.”

ఫ్లెగోను పెద్దగా రాశాడు. తోలుకాగితం చుట్టబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“సిరా ఇంకా తడిగా ఉంది. అందరూ ఒకటే రకం,” అని దాన్ని లాక్కుని, వల పక్కనే ఎండలో పరిచింది.